చీమల మాస్టారి ముఖం

సాయంత్రం నాలుగు గంటలవేళ మాస్టారు వంటింట్లో స్టూలెక్కి నిలబడి ఉన్నారు. అది చూసి పిన్నిగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

గట్టు మీద డబ్బాలన్నీ బారులు తీరి ఉన్నాయి. ప్రతి డబ్బాకూ తెల్లకాగితం ముక్క అంటించి, దాని మీద నల్లసిరాతో సన్నగా ఏదో రాసి ఉంది. జీలకర్ర, ధనియాలు, వాము, సోంపు ఒక జట్టు. ఆవాలు మాత్రం ఓ మూల, అత్తవారింటికి వచ్చిన కొత్తకోడలిలా విడిగా నిలబడి ఉన్నాయి.

"ఇదేమిటండీ?"

"కుటుంబాల వారీగా సర్దుతున్నా. జీలకర్రా ధనియాలూ ఒక తల్లి బిడ్డలు. నువ్వు ఇన్నేళ్లూ ఒకదాన్ని పై అరలోనూ ఇంకోదాన్ని కింద అరలోనూ పెట్టావు."

"మరి ఉప్పేదీ?"

మాస్టారు కాసేపు ఆలోచించారు. "ఉప్పుకు కుటుంబం లేదు."

"అదన్నమాట సంగతి. పొద్దున కూరలోకి ఆ అనాథ కోసం ఇల్లంతా వెతికాను."

మోకాలు నొప్పని డిపార్టుమెంటుకు వెళ్లడం మానేసిన మనిషి స్టూలు మీంచి ఎవరి సాయమూ లేకుండా దిగి, ఇంకో అర కోసం మళ్లీ ఎక్కారు. పిన్నిగారు అది కూడా చూశారు. చూసి ఊరుకోవడం ఆవిడకు అలవాటే. చూసినదాన్ని మరిచిపోవడం మాత్రం అలవాటు లేదు.

మాస్టారు యూనివర్సిటీలో పనిచేసింది జీవజాతుల బతుకుతెరువుల గురించీ, అవి తరతరాలుగా మారుతూ వచ్చిన తీరు గురించీ చదివే విభాగంలో. అక్కడ మనుషుల సొంత పేర్లు అట్టే కాలం నిలవవు. ఎవరు ఏ జీవిని పట్టుకుని వేలాడితే ఆ జీవే ఇంటిపేరైపోతుంది. కప్పల మీద పనిచేసే ఆయన కప్పల హెడ్డు. గడ్డి మొలకలు లెక్కపెట్టే ఆవిడ గడ్డి మేడమ్. ముప్పై ఎనిమిదేళ్లు చీమల పుట్టల ముందు గొంతుక్కూర్చున్న ఈయన చీమల మాస్టారు. ఆయన భార్య ఏ జీవి మీదా పనిచేయలేదు గనకా, తరాల తరబడి విద్యార్థులు ఆవిడ చేతి వంట తిన్నారు గనకా, విభాగమంతటికీ ఆవిడ పిన్నిగారు.

ఆ విభాగానికి ప్రాణం దాని టీ గది. సరిగ్గా నాలుగింటికి కింది అంతస్తులో పొడవాటి బల్ల చుట్టూ అందరూ చేరతారు. గోడకు వరసగా కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక్కో కప్పు, కప్పు మీద వాళ్ల వాళ్ల జీవి బొమ్మ. ఎవరైనా రిటైరైతే వాళ్ల కప్పును ఇంకెవరూ ముట్టుకోరు. ఆ మనిషే వచ్చి తీసుకెళ్లాలి. తీసుకెళ్లారంటే ఇక రారని అర్థం. మాస్టారి చీమ కప్పు ఇంకా కొక్కేనికే ఉంది.

నిజానికి ఆయన వీడ్కోలు గట్టిగానే జరిగింది. వేసవి సెలవులకు ముందురోజు పిల్లలు ఆయన ఫొటోతో అట్టముఖాలు చేయించారు, అరవై. బట్టతల, పొదల్లాంటి కనుబొమలు, మందపాటి కళ్లజోడు, అన్నీ ఉన్నది ఉన్నట్టు. మాస్టారు హాలులోకి అడుగుపెట్టేసరికి అరవైమంది మాస్టార్లు లేచి నిలబడ్డారు. ఆయన ఉక్కిరిబిక్కిరై, "ఇక ఈ గడప తొక్కను. మిమ్మల్ని మీ మానాన వదిలేస్తున్నాను" అని ప్రకటించారు. గడ్డి మేడమ్ ముక్కు చీదింది. సెలవులయ్యాక మొదటిరోజు అటెండరు వచ్చి తాళం తీసేసరికి మాస్టారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు.

ఆ తర్వాత రెండు నెలలూ రోజూ మూడున్నరకు ఇంట్లోంచి కదిలేవారు. ఆరింటికి వచ్చేవారు. ఆ రెండున్నర గంటలు పిన్నిగారివి. కర్టెన్లు వేసుకుని, చల్లటి గచ్చు మీద దిండు వేసుకుని, లైబ్రరీ నవల పొట్ట మీద పెట్టుకునేవారు. ఇరవై రెండు రోజులుగా ఆ నవల అరవై నాలుగో పేజీ దగ్గరే ఉంది.

నవల పోతే పోయింది. మాస్టారు ఫోను జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. స్నానానికి వెళ్తూ కూడా కిటికీ మీద పెడుతున్నారు. అది మోగడం లేదు. ఆయన దాని వంక చూడనట్టు నటిస్తున్నారు. ఆ నటన పిన్నిగారికి మోకాలి నొప్పికన్నా ఎక్కువ బాధగా ఉంది. కొక్కెం మీది కప్పు ఏదో ఒకరోజు చడీచప్పుడూ లేకుండా ఇంటికి వచ్చేస్తుందేమోనని ఆవిడకు భయం పట్టుకుంది. ఆ కప్పు ఇల్లు చేరితే ఈ మనిషి ఇక డబ్బాలకు కాగితాలు అంటిస్తూనే ముసలివాడైపోతారు.

మర్నాడు పిన్నిగారు డిపార్టుమెంటు భూతద్దం ఒకటి ఇంట్లో ఉండిపోయిందని సాకు వెతుక్కుని, మూడుంబావుకు చెప్పులేసుకున్నారు.

"నేను కూడా రానా?" అన్నారు మాస్టారు.

"మోకాలో?"

"అవున్లే, మోకాలు" అని ఆయన మళ్లీ పప్పుధాన్యాల కుటుంబంలోకి వెళ్లిపోయారు.

యూనివర్సిటీ గేటు నుంచి విభాగం దాకా మూడు వందల అడుగులు, రెండు వైపులా పెద్ద చెట్లు. కొమ్మల నిండా కాకులు. ఒక కాకి మెడ వంచి పిన్నిగారిని ఎగాదిగా చూసి, పనికిమాలిన కేసని తేల్చుకుని, తన రెక్క కింద గోక్కుంది. దాని కాలికి ఎర్ర రింగు ఉంది.

ఆవిడ టీ గదిలో అడుగుపెట్టేసరికి మాటలు ఠక్కున ఆగిపోయాయి. బడిలో ఇన్‌స్పెక్టరు దిగినట్టు అందరూ సర్దుకుని కూర్చున్నారు.

"రండి రండి పిన్నిగారూ" అంటూ కప్పల హెడ్డు లేచాడు. ఒకప్పుడు మాస్టారి శిష్యుడే. "మాస్టారి మోకాలు ఎలా ఉంది?"

"మోకాలని నీకెవరు చెప్పారు నాయనా?"

హెడ్డు నోరు తెరిచి మూశాడు. అచ్చం అతని కప్పల్లాగే. "అంటే... ఆ వయసుకు మోకాలే కదండీ."

అటెండరు చిన్నగా దగ్గాడు. "బజార్లో కనబడితే మాస్టారే చెప్పారమ్మగారూ."

"అయితే ఇరవై రోజులనుంచీ తెలుసన్నమాట. తెలిసీ ఒక్కరికీ ఫోను చెయ్యబుద్ధి కాలేదు."

గడ్డి మేడమ్ తన కప్పులోకి చూసుకుంటోంది, అందులో ఏదైనా మొలుస్తుందేమోనన్నట్టు. అటెండరు కొక్కెం మీది చీమ కప్పు తీసి అప్పటికే తళతళలాడుతున్నదాన్ని ఇంకోసారి తుడిచాడు.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది మీ వాలకం. ఏం జరిగిందో చెప్పండి" అన్నారు పిన్నిగారు.

సరిగ్గా అప్పుడే బయట గోల మొదలైంది. ఒక కాకి, నాలుగు కాకులు, ఆపైన చెట్టుకు చెట్టు. పిన్నిగారు కిటికీ దగ్గరకు వెళ్లి చూశారు.

చెట్ల కింద మాస్టారు నడిచి వస్తున్నారు.

ఇంట్లో పప్పుధాన్యాల దగ్గర వదిలి వచ్చిన మనిషి ఇక్కడెలా ఉన్నారు? "ఏవండీ" అని పిలవబోయి ఆవిడ ఆగారు. బట్టతల ఆయనదే. కనుబొమలూ కళ్లజోడూ ఆయనవే. మెడ కింద మాత్రం నీలం రంగు కుర్తా, వీపు మీద సంచి, ఆ సంచి మీదికి వేలాడుతున్న పొడవాటి జడ. నెత్తి మీద ముప్పై కాకులు గిరికీలు కొడుతూ నోటికొచ్చినట్టు తిడుతున్నాయి. మాస్టారి ముఖం ఏమీ పట్టించుకోకుండా చేతిలోని పుస్తకంలో గీతలు గీసుకుంటూ నడుస్తోంది.

"ఎవరా పిల్ల?" అన్నారు పిన్నిగారు.

"కాకుల పిల్లండీ" అని నీళ్లు నమిలాడు హెడ్డు. "దాన్నే అడగండి. మేము చెప్తే బాగోదు."

కాకుల పిల్ల భవనం వెనక మెట్ల మీద కూర్చుని అట్టముఖం తీసింది. కింది ముఖం చెమటలు కారుతూ ఉంది. పక్కన పిన్నిగారు వచ్చి కూర్చునేసరికి ఆ చెమట కాస్తా కన్నీళ్లయ్యేలా కనబడింది.

"ఏడుపు తర్వాత. ముందు మొదట్నుంచీ చెప్పు" అన్నారు పిన్నిగారు.

చెప్పింది. కాకులు మనిషి ముఖాన్ని గుర్తుపెట్టుకుంటాయా, పగ పట్టిన ముఖాన్ని ఒకదాన్నుంచి ఒకటి నేర్చుకుంటాయా అన్నది ఆ పిల్ల పరిశోధన. అందుకోసం ఒక ముఖం తగిలించుకుని కాకులను వలవేసి పట్టాలి. కాళ్లకు రంగు రింగులు వేసి వదిలేయాలి. తర్వాత నెలల తరబడి వారానికోసారి అదే ముఖంతో నడిచి, ఎన్ని తిడతాయో లెక్కపెట్టాలి. సెలవుల్లో పదిహేడు కాకులను పట్టింది.

"దానికి మా ఆయన ముఖమే దొరికిందా నీకు?"

"క్యాంపస్‌లో తిరగని ముఖం కావాలి పిన్నిగారూ. లేకపోతే ఆ ముఖం ఉన్న మనిషి మీద పడతాయి. స్టోరు గదిలో ఈ అట్టముఖాలు కట్టగట్టి ఉన్నాయి. మాస్టారేమో ఇక గడప తొక్కనన్నారు."

"ఆ మాట నమ్మావా?"

"మీరు నమ్మలేదా?"

"సిగరెట్టు మానేస్తాననే మాట ఆ నోటినుంచే పదకొండుసార్లు విన్నానమ్మా."

కాకుల పిల్లకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మొదట్లో నాలుగైదు కాకులే మాస్టారిని చూసి అరిచేవట. రానురాను పెరిగాయి. ఇరవై రెండు రోజుల కింద గేటు నుంచి మెట్ల దాకా తరిమి, బట్టతల మీద రెండు మొట్టికాయలు వేశాయట. కళ్లజోడు కిందపడింది. కొత్తగా చేరిన పిల్లలిద్దరు నవ్వారు. మాస్టారు వాళ్లను చూశారు. కళ్లజోడు తీసుకుని, టీ తాగకుండానే వెనక్కి వెళ్లిపోయారు.

"మరి ఫోను?"

"ఏమని చెయ్యాలండీ? మోకాలెలా ఉందని అడిగితే అబద్ధమాడినట్టు. నిజం చెబుదామా అంటే, చీమల్లో చేరమని మాస్టారు స్వయంగా పిలిస్తే కాదని కాకుల్లోకి వెళ్లినదాన్ని. ఇప్పుడా కాకులనే ఆయన మీదికి తోలానంటే ఏమనుకుంటారు? ఇంకా మూడు నడకలున్నాయి, నెలాఖరుకు అయిపోతుంది. నా థీసిస్‌కు ఇదే వెన్నెముక. అయినా సరే, మీరు ఆపెయ్యమంటే ఆపేస్తాను."

"ఆపమని నేనన్నానా?" పిన్నిగారు ఆ పిల్ల ఒళ్లోని పుస్తకం తీసుకుని గీతలు చూశారు. అంకెలు పొందికగా ఉన్నాయి. కొట్టివేతలు లేవు. ఆ పిల్ల మీద ఆవిడకు మొదటిసారి గురి కుదిరింది. "ఈ తిట్టేవాటిలో రింగులు లేనివి కూడా ఉన్నాయా?"

"సగానికి పైగా అవేనండీ. పట్టినవాటిని చూసి నేర్చుకున్నవి."

"ఎంత దూరం పాకింది ఈ నేర్పు?"

"కాంపౌండు గోడ దాకా చూశాను. అవతల చూడలేదు."

పిన్నిగారు పుస్తకం మూసి ఆ పిల్ల ఒళ్లో పెట్టారు. తర్వాత, "ఆ ముఖం ఒకటి ఇలా ఇవ్వు" అన్నారు.

చిత్రమేమిటంటే ఆవిడ అప్పుడు తలుచుకుంటున్నది కాకులను కాదు, వంటింటి క్యాలెండరును. దాని గళ్లలో ఆవిడ రాయని విషయం ఉండదు. గ్యాసు మార్చిన రోజు, కుళాయి కారడం మొదలైన గంట, పక్కింటి పిల్లి ఎన్ని పిల్లల్ని పెట్టిందీ, అన్నీ చీమల బారులాంటి అక్షరాలతో ఉంటాయి. మాస్టారు దాన్ని చూసినప్పుడల్లా "కోడిగుడ్డుకు ఈకలు పీకడమంటే ఇదే" అనేవారు, రోజంతా చీమల కాళ్లు లెక్కపెట్టి వచ్చి.

ఆ సాయంత్రం మాస్టారు చేతులు కడుక్కుని భోజనాల బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన పళ్లెం పక్కన ఆయన ముఖమే ఆయన్ను చూస్తోంది.

"ఇదెక్కడిది?"

పిన్నిగారు వడ్డిస్తూనే మొత్తం చెప్పారు. ఒక్క ముక్క దాచలేదు, ఒక్క ముక్క కలపలేదు. మొట్టికాయల దగ్గర మాత్రం ఇంకాస్త కూర వేశారు.

మాస్టారు అన్నం కెలుకుతూ ఉండిపోయారు. చివరికి తలెత్తకుండా, "ముసలాడి పీడ వదిలిందనుకున్నారు కాబోలనుకున్నా" అన్నారు. "కాకి మొట్టడం కాదు. ఒక్కడూ ఫోను చెయ్యలేదు చూడు."

"ముఖం చెల్లక."

"ఆ."

"కప్పు రోజూ తుడుస్తున్నాడు అటెండరు. అది తళతళలాడిపోతోంది."

మాస్టారు ఆ మాట పైకి విననట్టే ఉన్నారు. కానీ రెండు ముద్దలు గబగబా తిన్నారు. మూడో ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది.

"మొత్తం ఎన్ని తిడుతున్నాయిట?"

"ముప్పై పైచిలుకు."

"పట్టింది పదిహేడేనా?" ఆయన అట్టముఖాన్ని చేతిలోకి తీసుకుని వెలుగులో తిప్పి చూశారు. "ముప్పై ఎనిమిదేళ్లు చీమల్ని కనిపెట్టుకుని ఉన్నానే. ఒక్క చీమకైనా నా ముఖం తెలుసనుకున్నావా? కుట్టేటప్పుడు కూడా తెలియక కుట్టేవే." అలా అంటున్నప్పుడు ఆ గొంతులో బాధ కన్నా గొప్ప ఎక్కువ వినిపించింది. "ఆ పిల్లను రమ్మను. నాలుగు చివాట్లు పెట్టాలి."

కాకుల పిల్ల తొమ్మిది నిమిషాల్లో వచ్చింది. వీధి చివర సైకిలు మీద నిలబడే ఉందని పిన్నిగారికి ముందే తెలుసు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నన్నడక్కుండా నా ముఖం వాడావు. అది పోనీ" అన్నారు మాస్టారు. "వాడినదాన్ని రోజూ క్యాంపస్‌లో విచ్చలవిడిగా తిరగనిస్తావా? లెక్కలన్నీ పాడవవూ? మొదటిరోజే వచ్చి, 'మాస్టారూ, మీరు కాస్త ఇంట్లో పడి ఉండండి' అనొద్దూ?"

"అనగలనా మాస్టారూ?"

"అనగలగాలి. లేకపోతే ఈ చదువెందుకు? ఏ కాకినీ పట్టుకోని ముఖం ఒకటి పక్కన పెట్టుకున్నావా, తేడా చూడటానికి?"

"ఉందండీ. దుకాణంలో కొన్న అట్టముఖం. దాన్ని చూసి అరవవు."

"అది కాస్త నయం."

ఇద్దరూ ఊపిరి తీసుకోవడానికి ఆగిన సందులో పిన్నిగారు క్యాలెండరు మేకు మీంచి తీసి బల్ల మీద పరిచారు. పోయిన నెల కాగితం తిప్పి ఒక గడి మీద వేలు పెట్టారు.

ఎనిమిదో తారీకు. "ఆయన పేపరు తీస్తుంటే గోడ మీద కాకులు 2, గోల." పదకొండున, "కాకులు 3. నేను బట్టలు ఆరేస్తే నోరెత్తలేదు. ఆయన వస్తే గోల." పంతొమ్మిదిన, "5. ఒకదానికి కుడికాలి వేలు వంకర. కాళ్లకు ఏమీ లేవు." ఈ నెల మూడున, "7. ఆయన కిటికీలోంచి చూసినా గోలే."

కాకుల పిల్ల ఆ గళ్ల మీదికి వంగిపోయింది. "కాళ్లకు ఏమీ లేవని ఎందుకు రాశారు పిన్నిగారూ?"

"వేలు వంకరైతే రాశాను కదా. ఒకదాని కాలు చూసి తక్కినవాటివి చూడకపోతే ఎలా?"

"ఇక్కడికి క్యాంపస్ మైలున్నర దూరం. మధ్యలో రైలు పట్టాలున్నాయి. రింగుల్లేని కాకులు ఇక్కడ మాస్టారిని తిడుతున్నాయంటే..." ఆ పిల్ల పెన్సిలు కోసం సంచి తడుముకుంది.

"తొందరపడకు" అన్నారు మాస్టారు, తానే కుర్చీ అంచుకు జరిగి. "వీటికి నా మీద వేరే కోపం ఉండొచ్చు. నేనే ఏదైనా చేసి ఉండొచ్చు."

"మీరు ఎంగిలి చేత్తో కాకిని తోలే రకం కాదు. దాని జోలికి వెళ్లి కోపం తెప్పించేంత తీరికా లేదు" అన్నారు పిన్నిగారు. "కాదూ కూడదంటే పరీక్ష చేసి చూడండి. ఈ ముఖం ఇంకెవరైనా పెట్టుకుని వీధిలో నడిస్తే తేలిపోతుంది. మీరు పనికిరారు, అసలు ముఖం మీదే కనక. లెక్కపెట్టడానికి ఈ పిల్ల ఉండాలి."

ఇద్దరూ ఆవిడ వంక చూశారు. అప్పుడు గానీ పిన్నిగారికి తానేమన్నారో అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున ఆరున్నరకు పిన్నిగారు ముందు దుకాణపు ముఖం తగిలించుకుని వీధి చివరిదాకా వెళ్లివచ్చారు. కాకులు తమ పని తాము చూసుకున్నాయి. తర్వాత భర్త ముఖం తగిలించుకున్నారు. ఎదురింటాయన పేపరు కోసం బయటికి వచ్చాడు.

"మాస్టారూ, మోకాలికి చీర హాయిగా ఉందా?"

నడిచేటప్పుడు మాట్లాడకూడదు. పిన్నిగారు పళ్లు బిగించి సాగిపోయారు. వెనకనుంచి కిటికీ కర్టెను మాట్లాడింది. "నెమ్మదిగా నడు. నేనలా చేతులూపను."

మూడో ఇంటి దగ్గర మొదటి కాకి అందుకుంది. అయిదో ఇంటికి తీగల మీదంతా నల్లబడింది. అట్టకు చేసిన రెండు చిన్న రంధ్రాల్లోంచి ఆవిడకు రోడ్డు తప్ప ఇంకేమీ కనబడటం లేదు. నెత్తి మీద రెక్కల గాలి తగులుతోంది. ఏ తప్పూ చేయకుండా ఇన్ని నోళ్లు ఒక్కసారి తిడితే ఎలా ఉంటుందో, తిట్లు తింటున్నప్పుడు ఎవరో ఇద్దరు నవ్వితే ఎలా ఉంటుందో ఆవిడకు తెలిసొచ్చింది. ఈ ముఖానికి తాను రోజూ ఎదురుగా కూర్చోవడమే గానీ, దాని వెనకనుంచి లోకాన్ని చూడటం ఇదే మొదలు. డబ్బాల మీది కాగితాలు ఇంకో వారం అలాగే ఉండనిద్దామనుకున్నారు. తర్వాత ఉప్పు సంగతి గుర్తొచ్చి మూడు రోజులు చాలనుకున్నారు.

"పదకొండు" అంది కాకుల పిల్ల, ఆవిడ గేటు మూయగానే. "ఒక్కదానికీ రింగు లేదు పిన్నిగారూ. మీ వంకరవేలుది కూడా ఉంది."

కర్టెను వెనకనుంచి మాస్టారు దిగ్విజయంగా బయటికి వచ్చారు. అంతలో జేబులో ఫోను మోగింది. ఆయన మూడుసార్లు మోగనిచ్చి తీశారు.

"మాస్టారూ" అంటున్నాడు కప్పల హెడ్డు, గొంతులో కప్పంత బెరుకుతో. "మీకంతా తెలిసిందని ఆ పిల్ల రాత్రే చెప్పిందండీ. తప్పు మాదే. టీకి రావాలండీ మీరు."

"ఎలా వస్తానోయ్? నెలాఖరు దాకా నా ముఖం క్యాంపస్‌లో కనబడకూడదు. మూడు నడకలు మిగిలున్నాయి." ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం వెలిగిపోతోంది.

నెలాఖరంటే ఇంకా పద్దెనిమిది రోజులు. పిన్నిగారు వంటింటి వైపు చూశారు. నవల అరవై నాలుగో పేజీ గుర్తొచ్చింది. పాత దిండు గలేబు ఒకటి తీసి, రెండు కళ్లకు రెండు బెజ్జాలు కత్తిరించి, అంచులు పోగులు రాకుండా కుట్టారు. ముక్కు దగ్గర గాలి ఆడటానికి చిన్న కుచ్చు కూడా పెట్టారు.

మూడున్నరకు మాస్టారు ఆ గలేబు తలకు తొడుక్కుని గుమ్మం దిగారు. మోకాలు ఊసు లేదు. గోడ మీద కాకులు మెడలు అటూ ఇటూ తిప్పి చూసి ఊరుకున్నాయి. మాస్టారు గేటు దగ్గర ఆగి, ఒకసారి వెనక్కి తిరిగారు.

"ఒక్కటీ అరవలేదే" అన్నారు గలేబులోంచి, కాస్త చిన్నబోయినట్టు.

"అరవకూడదనే కదండీ కుట్టింది. వెళ్లండి, టీ చల్లారుతుంది."

ఆయన మలుపు తిరిగేదాకా చూసి పిన్నిగారు తలుపు వేసుకున్నారు. కర్టెన్లు లాగారు. గచ్చు మీద దిండు, గలేబు లేనిది, వేసుకుని నవల తెరిచారు. అరవై నాలుగో పేజీలో మొదటి మూడు వాక్యాలు చదివారు.

గోడ మీద ఏదో చిన్నగా "కా" అంది.

పిన్నిగారు నాలుగో వాక్యం చదివారు. ఏం చదివారో తెలియలేదు. మళ్లీ చదివారు. లేచి కర్టెను అంగుళం మేర తొలగించి చూశారు. వంకరవేలుది, దాని పక్కన ఇదివరకు ఎప్పుడూ చూడని కాకి ఒకటి, మెడ దగ్గర ఒకే ఒక్క బూడిదరంగు ఈకతో. రెండూ ఆయన వెళ్లిన మలుపు వైపే చూస్తున్నాయి.

ఆవిడ క్యాలెండరు దగ్గరికి వెళ్లారు. ఆ రోజు గడిలో అప్పటికే చోటు లేదు. పక్కరోజు గడిలోకి కాస్త జరిగి రాసుకున్నారు. "3.30. ఆయన వెళ్లారు. అరవలేదు. కొత్తది 1." పెన్సిలు చెవి మీద పెట్టుకుని, కుర్చీ ఒకటి తెచ్చి కిటికీ పక్కన వేసుకున్నారు.